ఇరుకులో విరిగిన బోల్టు: ఇంజన్ మర చెడకుండా బయటికి తీయడం

బోల్టు విరగడం వల్ల జరిగే నష్టం కొంచెమే. విరిగాక కంగారులో చేసే పనుల వల్ల జరిగేదే ఎక్కువ. డ్రిల్లు మధ్యలో దిగకుండా పక్కకు జారడం, లోపల ఈజీ అవుట్ (విరిగిన ముక్కలోకి దింపి తిప్పి తీసే పనిముట్టు) విరగడం, అల్యూమినియం హెడ్డు (ఇంజన్ పై భాగం) మర తినేయడం, ఇలా చిన్న బోల్టు పని కాస్తా హెడ్డు దించే పని అవుతుంది. అందుకే తల ఊడి చేతికి రాగానే పానా కింద పెట్టేయండి. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: అది ఎందుకు విరిగింది, దాని ముందుకు నిటారుగా చేరే దారి ఉందా లేదా. ఈ రెండూ తేలితే పద్ధతి ఏదో దానంతట అదే తేలుతుంది.

విరిగిన ముఖం చూడండి

ఊడొచ్చిన తలను పారేయొద్దు. అది రెండు పనులకు కావాలి. ఒకటి, దాని పొడవు కొలిచి కొత్త బోల్టు పొడవులోంచి తీసేస్తే లోపల ఎంత ముక్క మిగిలిందో తెలుస్తుంది. 40 ఎంఎం బోల్టులో 22 ఎంఎం చేతికొస్తే లోపల ఉన్నది 18. డ్రిల్లు ఎంత లోతు పోవాలో, ఎక్కడ ఆగాలో ఈ లెక్కే చెబుతుంది. రెండు, విరిగిన ముఖం.

బిగిస్తుండగా విరిగితే అదృష్టమే అనుకోండి. మర పట్టేసి లేదు, శక్తికి మించి లాగడం వల్ల తెగింది. తల పోగానే లాగే బిగువు కూడా పోతుంది కాబట్టి మొండి ముక్క లోపల వదులుగానే ఉంటుంది. సన్నటి సెంటర్ పంచ్ మొనను మొండి అంచు దగ్గర ఏటవాలుగా పెట్టి, విప్పే దిశలో చిన్న సుత్తితో టకటకా తడితే తిరుగుతుంది. ముఖంలో సగం నున్నగా, సన్నటి వంపు గీతలతో ఉండి, మిగతా సగం గరుకుగా ఉంటే అది నడుస్తూ నడుస్తూ అలసి తెగిన బోల్టు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగను పైపులోకి చేర్చే భాగం) చివరి స్టడ్డులు (తల లేని బోల్టులు) ఎక్కువగా ఇలాగే పోతాయి. వేడికి మ్యానిఫోల్డ్ సాగేటప్పుడు చివర్లలోనే కదలిక ఎక్కువ. ఇలా తెగినవి కూడా చాలాసార్లు తేలిగ్గా వస్తాయి.

విప్పుతుండగా విరిగిందంటే ఎక్కడ పట్టేసిందో చూడాలి. థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంపు బోల్టుల్లో పట్టేది తరచూ మర కాదు. పైన మూత రంధ్రంలోంచి వెళ్లే కాడ చుట్టూ తెల్లటి పొడి పేరుకుని అది బిగుసుకుపోతుంది. అది అల్యూమినియం తుప్పు. ఇలాంటప్పుడు మూతను పక్కలనుంచి చెక్క సుత్తితో తడుతూ, వేడి చేస్తూ పైకి లాగేస్తే మొండి బయటికి పొడుచుకుని కనిపిస్తుంది, పట్టి లాక్ అయ్యే గ్రిప్ ప్లయర్‌తో వచ్చేస్తుంది. మరే పట్టేసి ఉంటే మాత్రం అసలు కష్టం అక్కడుంది. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే.

మన దగ్గర ఈ బెడద ఎక్కువగా రెండు కారణాల వల్ల వస్తుంది. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం మొదటిది. కూలెంట్‌లో తుప్పును ఆపే మందులుంటాయి, బోరు నీళ్లలో ఉండేవి ఉప్పు, సున్నం. రెండోది మునక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో రోజుల తరబడి నీళ్లలో నిలిచిన బళ్లలో స్టార్టర్, ఆల్టర్నేటర్ బ్రాకెట్, ఇంజన్ మౌంటు బోల్టుల మరల్లోకి బురద నీరు చేరింది. అలాంటి బండి చేతికొస్తే కింది వరస బోల్టు దేన్నీ నూనె నానబెట్టకుండా ముట్టుకోకండి. బందరు, బాపట్ల వైపు ఉప్పుగాలిలో తిరిగే బళ్లకూ ఇదే మాట.

దారి చేసుకోవడమే సగం పని

ఇరుకులో చేయి పట్టిందని సరిపెట్టుకోవద్దు. పనిముట్టు మొండికి నిటారుగా నిలవాలి, పైగా దాన్ని కంటితో చూస్తూ పని చేయగలగాలి. వంకరగా డ్రిల్ చేసి మర పోగొట్టుకోవడం కంటే రెండు గంటలు అడ్డున్నవి విప్పుకోవడం ఎప్పుడూ చౌక.

బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. రేడియేటర్ వైపు పనైతే ఫ్యాను, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు కలిపి తీస్తే చాలా బళ్లలో జానెడు చోటు వస్తుంది. టైమింగ్ వైపు అయితే ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ మడ్‌గార్డ్ తీసి పక్కనుంచి చేరండి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వైపు అయితే వైపర్ కింద ఉండే కౌల్ ప్యానెల్, కొన్నిసార్లు ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ తీయాల్సి వస్తుంది. అయినా చాలకపోతే ఇంజన్‌నే కదపొచ్చు. ఆయిల్ ప్యాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువు మోయించి, ఒక పక్క మౌంటు బోల్టు తీసి 3 నుంచి 5 సెం.మీ. పైకో కిందికో జరపండి. ముందు సైలెన్సర్ పైపు, ఏసీ గొట్టాలు, గేరు కేబుళ్లు లాగబడుతున్నాయేమో చూసుకోండి. బండి కింద దూరే పని ఉంటే జాకీ మీద నమ్మకం పెట్టొద్దు, స్టాండులు వేయాల్సిందే.

చూడటానికి కాడ వంగే చిన్న అద్దం, ఫోనుకు తగిలించే సన్నటి ఎండోస్కోప్ కెమెరా రెండూ ఉంచుకోండి. అద్దంలో ఎడమ కుడి తారుమారవుతాయి, కాబట్టి అద్దం చూస్తూ డ్రిల్ చేయొద్దు. నిటారుగా ఉందో లేదో సరిచూసుకోవడానికి మాత్రమే అది.

మామూలు డ్రిల్లు పట్టని చోట మూడు దారులున్నాయి. రైట్ యాంగిల్ అటాచ్‌మెంట్ ఒకటి. రెండోది పొట్టి బిట్టు. మామూలు 3.2 ఎంఎం బిట్టు పొడవు 65 ఎంఎం ఉంటుంది. వెనక కాడను గ్రైండర్ మీద కోసి 40 ఎంఎంకు తెస్తే రెండున్నర సెం.మీ. చోటు మిగులుతుంది, బిట్టు ఊగడం కూడా తగ్గుతుంది. కోసేటప్పుడు నీళ్లలో ముంచుతూ కోయండి, బిట్టును మరీ వేడెక్కనివ్వొద్దు. మూడోది ఫ్లెక్సిబుల్ షాఫ్ట్. మొండి ముఖం చదును చేయడానికి బర్రు (తిరుగుతూ అరగదీసే చిన్న పళ్ల బిట్టు) బిగిస్తే బాగా పనికొస్తుంది గానీ డ్రిల్లింగుకు నమ్మదగింది కాదు, బరువు పెడితే పక్కకు వంగుతుంది.

పని మొదలెట్టే ముందు చుట్టుపక్కల రంధ్రాలన్నీ మూయండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ పోర్టుల్లో గుడ్డ కుక్కి, దాని కొస బయటికి వేలాడేలా ఉంచండి, బిగించేటప్పుడు మర్చిపోకుండా. టైమింగ్ బెల్టు మీద పాత ట్యూబు ముక్క కప్పండి. కంటికి గాగుల్స్ లేకుండా ఈ పనిలో ఒక్క అడుగు కూడా వేయొద్దు, ఇరుకులో మొహం ఎప్పుడూ రజను రాలే చోటే ఉంటుంది.

నూనె, వేడి, ఓపిక

డబ్ల్యూడీ-40 కొట్టి ఐదు నిమిషాల్లో పానా వేయడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. పట్టేసిన మరలోకి నూనె దిగడానికి గంటలు కావాలి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె), ఎసిటోన్ సమానంగా కలిపిన మిశ్రమం బాగా దిగుతుంది. అవి రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసి ఉండవు, కాబట్టి వేసే ప్రతిసారీ సీసా కుదపాలి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, రంగునూ ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది. అది వేసిన చోట ఆరిపోయేదాకా మంట గానీ వెల్డింగు గానీ వద్దు. సాయంత్రం నాలుగు చుక్కలు, పడుకునే ముందు నాలుగు చుక్కలు, పొద్దున మళ్లీ. వేసిన ప్రతిసారీ మొండి ముఖం మీద పంచ్ పెట్టి పదిహేను ఇరవై చిన్న దెబ్బలు వేయండి. నూనె కంటే ఆ అదురే తుప్పును ఎక్కువగా పగలగొడుతుంది.

వేడి ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు సాగుతుంది. కాబట్టి అల్యూమినియం హెడ్డులో ఉక్కు మొండి ఉంటే చుట్టూ ఉన్న హెడ్డును వేడి చేయాలి, మర నోరు విప్పుతుంది. 150 డిగ్రీల దాకా చాలు, నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. అంతకుమించి టార్చి మంట ఒకేచోట నిలపొద్దు. అల్యూమినియం కరిగే ముందు ఎర్రబడదు, చూస్తుండగానే జారిపోతుంది. ఇనుప బ్లాకులో అయితే లెక్క వేరు. అక్కడ బోల్టునే ఎర్రగా కాల్చి చల్లారనివ్వాలి. వేడికి ఉబ్బి, చల్లారాక ముడుచుకుని, ఆ కదలికలో తుప్పు పగులుతుంది. వేడి మీదున్న మొండి అంచుకు కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరలోకి పీల్చుకుపోతుంది. ఇది పాత పద్ధతే, ఇప్పటికీ పనికొచ్చేదే. పెట్రోలు లైను, రబ్బరు గొట్టం దగ్గర ఉంటే మంట మానేసి హాట్ ఎయిర్ గన్ వాడండి.

మొండి బయటికి కనిపిస్తుంటే

5 ఎంఎం అయినా పొడుచుకొచ్చిందంటే డ్రిల్లు ఆలోచన పక్కన పెట్టండి. 10 ఎంఎం దాకా మర ఉంటే రెండు నట్లు ఒకదానిమీద ఒకటి బిగించి, లోపలి నట్టుకు పానా వేసి విప్పండి. చోటు తక్కువైతే గ్రిప్ ప్లయర్. దాని నోరు జారితే మొండి గుండ్రంగా అరిగిపోయి మళ్లీ పట్టు దొరకదు, కాబట్టి ముందే ఆకురాయితో రెండు పక్కలా చదును తీసి అక్కడ పట్టించండి.

తిప్పే తీరు ముఖ్యం. మొదట బిగించే వైపు వెంట్రుకంత, తర్వాత విప్పే వైపు. కదిలిందంటే ఆనందంతో లాగేయొద్దు. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, నూనె వేసి, మళ్లీ పావు. మరల మధ్య నలిగిన తుప్పు పొడి బయటికి రావాలి. ఒకే వైపు లాగుతూ పోతే ఆ పొడే గట్టిపడి మళ్లీ పట్టేస్తుంది, రెండోసారి విరిగేది అప్పుడే.

హెడ్డు ముఖానికి సమంగా విరిగితే: నట్టు వెల్డింగు

పట్టేసిన మరకు మా ఓటు దీనికే. ఇది లాగడానికి పట్టు ఇస్తుంది, అంతకుమించి మొండి మధ్యలోంచే వేడి పుట్టిస్తుంది. పైగా ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అతుక్కోదు, కాబట్టి హెడ్డు మరకు భయం తక్కువ. ఇనుప బ్లాకుకు మాత్రం అతుక్కుంటుంది, అక్కడ జాగ్రత్త.

ఇరుకులో మిగ్ వెల్డింగు (తీగ దానంతటదే వచ్చే రకం) మేలు. 0.8 ఎంఎం తీగ, సన్నటి టార్చి మూతి. మిగ్ దొరక్కపోతే 2.5 ఎంఎం రాడ్డుతో 80 ఆంపియర్ల దగ్గర మామూలు ఆర్క్ కూడా చేస్తుంది. రాడ్డు పొడవు అడ్డమొస్తే సగానికి విరిచి వాడుకోవచ్చు. బ్యాటరీ తీసి ఉండాలి, ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) ప్లగ్గులు తీసేయాలి. ఎర్త్ క్లాంపు పని జరిగే చోటికి దగ్గరగా అదే హెడ్డుకో బ్లాకుకో వేయాలి. బాడీకి వేస్తే కరెంటు బేరింగుల గుండా, సన్నటి వైర్ల గుండా తిరిగి వస్తుంది.

ఎం8 (8 ఎంఎం వ్యాసపు మర) మొండికి ముందు 6 ఎంఎం రంధ్రమున్న వాషర్ పెట్టి, వాషర్ మధ్యలోంచి మొండిని కరిగించి అతికించండి. వాషర్ హెడ్డు ముఖాన్ని కాపాడుతుంది. దాని మీద ఎం8 నట్టు పెట్టి లోపలంతా నింపండి. నట్టు జింకు పూత ముందే గ్రైండ్ చేసేయండి. ఆ పూత ఉంటే వెల్డింగు బుడగలు వస్తుంది, పొగ ఒంటికి మంచిది కాదు. ఎరుపు తగ్గేదాకా ఆగి, రెండు మూడు నిమిషాల తర్వాత, ఇంకా చేయి పెట్టలేనంత వేడి ఉండగానే మైనం గానీ ఎసిటోన్ కలపని నూనె గానీ తాకించి అటూ ఇటూ ఊపడం మొదలెట్టండి. నట్టు ఊడొస్తే నిరాశపడొద్దు, శుభ్రం చేసి ఇంకోటి వేయండి. మూడు నాలుగు నట్లు పోవడం మామూలే, వేసిన ప్రతిసారీ మొండికి ఇంకో విడత వేడి అందుతుంది.

మొండి హెడ్డు ముఖం కంటే లోతులో ఉంటే ఒక ఉపాయం. ఏసీ పనివాళ్ల దగ్గర దొరికే పావు అంగుళం రాగి పైపు బయటి వ్యాసం 6.35 ఎంఎం. ఎం8 మర రంధ్రంలోకి అది సరిగ్గా దిగుతుంది. లోతుకు తగ్గ ముక్క కోసి దించి, దాని లోపల మిగ్ తీగతో చుక్క మీద చుక్కగా ముఖం పైదాకా నింపుకు రండి. కరిగిన ఉక్కు రాగికి గట్టిగా పట్టదు, మర కప్పుకుని ఉంటుంది.

డ్రిల్ చేయక తప్పకపోతే

వెల్డింగుకు చోటు లేకపోతేనో, పెట్రోలు రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) పక్కనే ఉంటేనో ఇదే దారి. ఇందులో అంతా మధ్య బిందువు మీదే ఉంది. ఎం8లో అర మిల్లీమీటరు తప్పినా చివర్లో బిట్టు ఒక పక్క మరను తాకుతుంది. అల్యూమినియం మెత్తన, ఉక్కు గట్టి. బిట్టు ఎప్పుడూ మెత్తటి వైపే జారుతుంది.

విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటే కార్బైడ్ బర్రుతో చదును చేసి, సుత్తి ఊపే చోటు ఉండదు కాబట్టి నొక్కితే కొట్టే స్ప్రింగు పంచ్‌తో గుర్తు పెట్టండి. అంతకన్నా నమ్మకమైనది బుష్, అంటే మధ్యలో డ్రిల్లుకు దారి ఉన్న చిన్న గొట్టం. విప్పిన భాగాన్నే, మ్యానిఫోల్డో మూతో, మిగతా బోల్టులతో తిరిగి బిగించి, దాని రంధ్రాన్నే డ్రిల్లుకు దారిగా వాడుకోవడం. ఆ రంధ్రంలో కూర్చునే బుష్‌ను, రంధ్రం కొలత తీసుకుని ఆటోనగర్‌లో ఏ లేతు షాపుకు వెళ్లినా చేసిస్తారు. బయటి వ్యాసం రంధ్రం కంటే 0.1 ఎంఎం తక్కువ, పొడవు 15 నుంచి 20 ఎంఎం, మధ్యలో 3.2 ఎంఎం దారి. అదే బయటి కొలతతో 5 ఎంఎం దారి ఉన్నది ఇంకోటి. రెండూ ఒకేసారి తీయించుకోండి, మళ్లీ తిరగకుండా. మ్యానిఫోల్డ్ రంధ్రాలు స్టడ్డు కంటే పెద్దవిగా ఉంటాయి కాబట్టి, మిగతా స్టడ్డులు వాటి రంధ్రాల మధ్యలో ఉన్నాయో లేదో చూసి బిగించండి. లేకపోతే బుష్ కూడా తప్పుదారే చూపిస్తుంది.

బిట్టు కోబాల్ట్ కలిసినది, కొత్తది తీసుకోండి. ఎగ్జాస్ట్ స్టడ్డులు గట్టివి, అరిగిన బిట్టు కోయకుండా రాసుకుంటే ముఖం ఇంకా గట్టిపడుతుంది. వేగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ. 3.2 బిట్టుకు నిమిషానికి 800 చుట్లు, 5 ఎంఎంకు 500, 6.5కు 400 దగ్గర. కటింగ్ ఆయిల్ చుక్కలు వేస్తూ, రెండు మూడు ఎంఎం దిగాక బయటికి తీసి రజను తుడుస్తూ ఉండండి. రజను తీగలా చుట్టుకుని వస్తుంటే బిట్టు కోస్తున్నట్టు, పొడిలా రాలుతూ కీచుమంటే పదును పోయినట్టు. మొదట లెక్కేసిన మొండి పొడవు గుర్తుంది కదా, ఆ లోతు దగ్గర బిట్టుకు టేపు చుట్టండి. ఒక ఎంఎం కంటే ఎక్కువ దాటొద్దు. హెడ్డులో ఆ వెనక నీటి దారి ఉండొచ్చు, ఆయిల్ దారి ఉండొచ్చు.

ఎడమ చుట్టు బిట్లు దొరికితే రివర్సులో అవే వాడండి. కొన్నిసార్లు 5 ఎంఎం దగ్గరే బిట్టు పట్టుకుని మొండిని తిప్పుకుంటూ బయటికి తెచ్చేస్తుంది. మామూలు బిట్టు విప్పేవైపు కాక బిగించేవైపు తోస్తుందన్న సంగతి మర్చిపోవద్దు.

3.2 తర్వాత 5, తర్వాత 6, తర్వాత 6.5. ఎం8 x 1.25 మరకు (1.25 అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) ట్యాప్ డ్రిల్, అంటే మర కోసే ట్యాపుకు ముందు వేసే రంధ్రం, 6.8, కానీ మొండి తొలిచేటప్పుడు 6.5 దగ్గరే ఆగడం క్షేమం. అప్పటికి మధ్యలో ఉంటే మిగిలేది మర చుట్టు మాత్రమే, పలచటి స్ప్రింగులా. సన్నటి గోరు ఉలితో కొసను లోపలికి వంచి, నోస్ ప్లయర్‌తో పట్టి లాగితే చుట్టలా విప్పుకుని వస్తుంది. ఎం6కు 2.5 తర్వాత 4, చివర 4.8. ఎం10 x 1.5కు 4, 6, 8, చివర 8.3. 3.2 దగ్గరే పక్కకు పోయిందని తెలిస్తే అక్కడే ఆగండి. గుండ్రటి చిన్న బర్రుతో రంధ్రాన్ని మధ్య వైపు తొలిచి సరిచేయొచ్చు. 5 దాటాక సరిచేయడం కష్టం.

ఈజీ అవుట్ ఎప్పుడు

పేరు చూసి చాలామంది మొదట దీన్నే వెతుకుతారు. మర పట్టేసి ఎం8 బోల్టే తెగిన చోట, అంతకన్నా సన్నటి ఈజీ అవుట్ మీద ఇంకా ఎక్కువ బలం పెడుతున్నామని గుర్తుంచుకోవాలి. మెలికకు తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది, వ్యాసం సగమైతే శక్తి ఎనిమిదో వంతే. పైగా అది గట్టి ఉక్కు, వంగకుండా గాజులా ఫట్‌మంటుంది. విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని ముట్టదు. కాబట్టి వదులుగా ఉన్న మొండికీ, వేడీ నూనె తిన్నాక కొంచెం కదిలిన మొండికీ మాత్రమే వాడండి. మెలికల రకం లోపలికి దిగేకొద్దీ మొండిని వెడల్పు చేసి మరకు ఇంకా అదుముతుంది. నిలువు పళ్ల రకం అంత ఉబ్బించదు, అదే కొనండి. తిప్పేటప్పుడు ఒక పక్క పిడి కాకుండా రెండు పిడుల ట్యాప్ హ్యాండిల్ వాడాలి. హ్యాండిల్ తిరుగుతున్నట్టుండి మొండి తిరగకపోతే ఈజీ అవుట్ మెలితిరుగుతోందన్నమాట, వెంటనే ఆపేయండి.

విరిగిపోయిన ఈజీ అవుట్, ట్యాపు ముక్కలకు కార్బైడ్ బర్రుతో మెల్లగా అరగదీయడం ఒక దారి, స్పార్క్ ఎరోజన్ మిషన్ మీద కాల్చేయించడం ఇంకో దారి. రెండోది డై, మౌల్డు పనులు చేసే చోట ఉంటుంది, సాధారణంగా హెడ్డు దించి తీసుకెళ్లాలి. విప్పి తీసుకెళ్లగల అల్యూమినియం భాగమైతే, అంటే థర్మోస్టాట్ మూతలాంటిదైతే, పటిక ఉంది. చిక్కటి పటిక నీళ్లలో ముంచి, మరిగీ మరగనట్టు వేడిగా ఉంచితే ఉక్కు మెల్లగా కరిగిపోతుంది, అల్యూమినియం మిగులుతుంది. గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు. పాత్ర గాజుదో స్టీలు కానిదో ఉండాలి, భాగంలో వేరే ఉక్కు పిన్నులు, బుష్‌లు ఉండకూడదు, స్టెయిన్‌లెస్ బోల్టుకు ఇది పనిచేయదు.

డీజిల్ బండ్లలో గ్లో ప్లగ్

గ్లో ప్లగ్ అంటే చల్లటి డీజిల్ ఇంజన్ స్టార్టు కావడానికి సిలిండర్ లోపల వేడి పుట్టించే కడ్డీ. దీన్ని మామూలు బోల్టులా చూడొద్దు. మర ఎం8 రకం 20 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు) దగ్గర, ఎం10 రకం 35 ఎన్‌ఎం దగ్గర తెగడం మొదలవుతుంది, కాబట్టి టార్క్ రెంచ్ లేకుండా విప్పే ప్రయత్నమే చేయొద్దు. ఇంజన్ బాగా వేడెక్కాక, ముందు రోజు నుంచీ నూనె నానాకే. విరిగితే లోపలి కడ్డీ సిలిండర్‌లోకి పడే ప్రమాదం ఉంది. పిస్టన్‌ను పైకి తెచ్చి పెట్టి, దీనికంటూ ఉన్న గైడు, బిట్ల కిట్టు ఉన్నవాళ్ల చేతనే తీయించాలి.

మర బాగుచేయడం, తిరిగి బిగించడం

మొండి వచ్చాక రంధ్రంలోంచి రజను తీయాలి. అయస్కాంతం ఉక్కు రజనునే లాగుతుంది, అల్యూమినియం పొడిని కాదు. సన్నటి గొట్టం తగిలించిన వాక్యూమ్‌తో పీల్చండి, గాలి కొట్టి ఎగరగొట్టొద్దు. ట్యాపు పళ్ల సందుల్లో గ్రీజు రాసి మర శుభ్రం చేస్తే మిగిలిన పొడి గ్రీజుకు అంటుకుని వస్తుంది. పాత మరే కాబట్టి ట్యాపు మొదటి రెండు చుట్లు వేళ్లతోనే దిగాలి. దిగకపోతే వంకరగా పెట్టారు, బయటికి తీసి మళ్లీ పెట్టండి.

మర పోయి ఉంటే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ స్ప్రింగు) వేయాలి. ఎం6కు 6.3, ఎం8కు 8.3 డ్రిల్ మామూలు కొలతలు, అయినా కిట్టుతో వచ్చిన బిట్టునే వాడండి. ఆ కిట్టు ట్యాపు మామూలు ట్యాపు కాదు, వేరేదాంతో చేస్తే స్ప్రింగు నిలవదు. ఎం8కు 12 ఎంఎం పొడవు ఇన్‌సర్టు సరిపోతుంది. ముఖానికి అర చుట్టు లోపలికి దించి, అడుగున ఉన్న నాలుకను పంచ్‌తో విరిచి బయటికి తీసేయండి. పోర్టులోకి తెరుచుకునే రంధ్రమైతే ఆ నాలుక చేతికొచ్చిందో లేదో చూసుకునే ముందుకెళ్లండి.

కొత్త బోల్టు అదే పొడవు, అదే గ్రేడు ఉండాలి. తల మీద 8.8 ఉంటే 8.8, 10.9 ఉంటే 10.9. పొడవు రెండు ఎంఎం ఎక్కువైనా అడుగును తన్ని, భాగం బిగకముందే బోల్టు బిగిసినట్టు అనిపిస్తుంది. ఎగ్జాస్ట్‌కు మర మీద రాగి లేదా నికెల్ యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) పలచగా రాయండి. నీటి దారిలోకి తెరుచుకునే బోల్టుకు మాత్రం యాంటీసీజ్ కాదు, థ్రెడ్ సీలెంట్ రాయాలి, లేకపోతే మర వెంట కూలెంట్ ఊరుతుంది.

బిగింపు లెక్క మీ బండి సర్వీసు పుస్తకంలోదే సరైనది. పుస్తకం అందుబాటులో లేకపోతే అల్యూమినియంలో ఎం6కు 8 నుంచి 10 ఎన్‌ఎం, ఎం8కు 20 నుంచి 25 దాటొద్దు. యాంటీసీజ్ రాసిన మర జారుతుంది కాబట్టి అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది, పావు వంతు తగ్గించి బిగించండి. మ్యానిఫోల్డ్ అయితే మధ్యలోంచి చివర్లకు, రెండు విడతల్లో. కుక్కిన గుడ్డలన్నీ బయటికొచ్చాయో లెక్కపెట్టుకుని, ఈసీయూ ప్లగ్గులు పెట్టి, చివరన బ్యాటరీ కలపండి.

ఇంజన్ మొదలెట్టగానే మ్యానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ శబ్దం వస్తే గ్యాస్కెట్ ముఖం మీద వెల్డింగు చుక్క మిగిలి ఉండొచ్చు, విప్పి ఆకురాయితో చదును చేయాలి. శబ్దం లేకపోతే రెండు మూడు రోజులు తిప్పి, ఇంజన్ పూర్తిగా చల్లారాక అదే టార్క్‌తో ఒకసారి సరిచూడండి. యాంగిల్ లెక్కన బిగించే రకం బోల్టులైతే మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు.